గీత దాకా పోసిన పొడి

పెందుర్తి,
4 ఆగస్టు 2025.

డాక్టర్ అనూరాధ మేడమ్ గారికి,

గురునాథరావు రాయునది. ఇక్కడ మేం క్షేమంగా లేము. అక్కడ మీ క్షేమం అడగబుద్ధి కావడం లేదు.

పదకొండు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పన్నెండోసారి మోగడం కూడా మానేసింది. పక్కింటి గవర్రాజు నా ఫోన్ తీసుకుని చూసి, "నిన్ను బ్లాక్ సేసీసింది బావా" అన్నాడు. మొన్న శుక్రవారం ల్యాబుకి వస్తే గేటు దగ్గర ఆపేశారు. రెండేళ్లు రోజూ నాకు సెల్యూట్ కొట్టిన సెక్యూరిటీవాడు, "ఏటనుకోకు తాతా, నిన్ను లోపలికి వొగ్గొద్దని రాసీసినారు" అని తల దించుకున్నాడు. అందుకే ఉత్తరం. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, అందలేదని అనడానికి వీల్లేదు.

జూలై పదకొండున హైడ్రోజన్ సిలిండరు పగిలి, మీ దగ్గర పరిశోధన చేసే పిల్ల ధనశ్రీ కుడి చెయ్యి కాలింది. రెండు వేళ్లు తీసేశారు. విచారణ కమిటీ సెప్టెంబరు పంతొమ్మిదిన కూర్చుంటుందట. ఆ కమిటీకి మీరిచ్చే రిపోర్టులో "టెక్నీషియన్ గురునాథరావు నిర్లక్ష్యం" అని రాశారని ఆఫీసులో పోలిరాజు చదివి చెప్పాడు.

నిర్లక్ష్యమా? నాకా?

ముప్పయ్యొక్క సంవత్సరాలు స్టీల్ ప్లాంటులో లేడిళ్లకి లోపలి గోడ కట్టాను. కరిగిన ఉక్కు మోసే బానలవి. నా చేత్తో లైనింగ్ చేసిన లేడిల్ ఒక్కటంటే ఒక్కటి కారలేదు. కారి ఉంటే కింద నిలబడ్డ మనుషులు ఏమయ్యేవారో మీకు వేరే చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఆ కింద నిలబడ్డవాళ్లలో మీ నాన్న భీమశంకరరావు ఉండేవాడు. ఉక్కునగరం క్వార్టర్లలో మా ఇంటికీ మీ ఇంటికీ మధ్య ఒక్క గోడ. నన్ను బాబాయ్ అని పిలిచింది మీరే. రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, "మీలాంటి చెయ్యి నాకు దొరకదు బాబాయ్" అని ల్యాబుకి తీసుకెళ్లింది మీరే.

ఇప్పుడు వీధిలో నడుస్తుంటే ఆ పిల్ల చెయ్యి తీసినవాడు ఈయనేనట అని చూస్తున్నారు. మా ఆవిడ చిలకమ్మ కుళాయి దగ్గరికి వెళ్లడం మానేసింది. పోలీసు కేసు అవుతుందని కూడా అంటున్నారు. అది జరిగినా పడతాను. ఈ పేరుతో మాత్రం నేను చావలేను.

ఆ మాట కొట్టేయండి. కొట్టేశానని రాయండి. వేరే సంగతులు నాకొద్దు.

ఇట్లు,
గురునాథరావు.


ఎం.వి.పి. కాలనీ,
11 ఆగస్టు 2025.

గురునాథరావు గారికి,

మీ ఉత్తరం అందింది. ఫోన్‌లో మాట్లాడొద్దని, ఆఫీసు మెయిల్ నుంచి ఏమీ రాయొద్దని సంస్థ లాయరు చెప్పారు. అసలు జవాబే ఇవ్వొద్దన్నారు. ఇస్తున్నాను, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మనం చేస్తున్న పని ఏమిటో మీకు మొదటిరోజే చెప్పాను. హైడ్రోజన్‌ని గ్యాసుగా దాచాలంటే భయంకరమైన ఒత్తిడిలో కుక్కాలి. దానికి బదులు ఒక మిశ్రమ లోహపు పొడిలోకి దాన్ని ఎక్కిస్తే, లోహమే తనలో దాచుకుంటుంది. వేడి చేస్తే తిరిగి ఇస్తుంది. పోర్టులో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బళ్లు డీజిల్ మానేసి దీంతో నడవాలని ఎనిమిదేళ్లుగా కష్టపడుతున్నాను. అయితే హైడ్రోజన్ తాగిన పొడి ఉబ్బుతుంది. నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది. అందుకే సిలిండరులో వదులుగా పోయాలి, ఖాళీ వదలాలి. సిలిండరు మీద గీత గీసింది అందుకే. ఆ గీత దాకా వదులుగా పోస్తే వెయ్యి గ్రాములు పడుతుంది.

పగిలిన సిలిండరులో, డబ్బాలో మిగిలిన పొడిని బట్టి లెక్కేస్తే, వెయ్యిన్ని నాలుగు వందల పైన ఉంది. చెక్క సుత్తితో సిలిండరుని తడుతూ పొడిని దిగగొట్టి, మళ్లీ మళ్లీ పోశారు మీరు. గట్టిగా దిగిపోయిన పొడికి ఉబ్బే చోటు లేక గోడని తోసింది. అతుకు దగ్గర చీలింది. గాలి తగలగానే వేడి పొడి అంటుకుంది. దాని ఎదురుగా ధనశ్రీ ఉంది.

తట్టమని మీకెవరూ చెప్పలేదు. చెప్పని పని చెయ్యడాన్ని ఏ భాషలోనైనా నిర్లక్ష్యమనే అంటారు.

దీంతోపాటు ఒక కాగితం పంపుతున్నాను. "అలవాటు వల్ల, తెలియక చేశాను" అని అందులో ఉంది. సంతకం పెడితే పోలీసుల దాకా వెళ్లకుండా చూస్తామని సంస్థ మాట ఇచ్చింది. మీ వయసుకి ఇంతకన్నా మర్యాదైన దారి నేను చూపించలేను.

అనూరాధ.


పెందుర్తి,
16 ఆగస్టు 2025.

అనూరాధా,

మేడమ్ గారూ గీడమ్ గారూ అయిపోయింది. నువ్వు పంపిన కాగితం నాలుగు ముక్కలు చేసి ఇందులోనే పెట్టాను. అతికించుకుని మీ లాయరుకి చూపించుకో.

తట్టమని ఎవరూ చెప్పలేదట! మా ఊళ్లో ధాన్యం కొలిచేటప్పుడు కుంచం నిండగానే రెండు తట్లు తట్టి, దిగినంతా మళ్లీ పోసి, అప్పుడు చేత్తో గీస్తాం. తట్టకుండా కొలిచినవాణ్ణి దొంగకొలతవాడంటారు. వాడి గుమ్మం ఎవరూ తొక్కరు. ప్లాంటులో మాత్రం వేరేనా? ఇటుక వెనక మట్టి పోసి దిమ్మిసతో దంచుతాం, దిగుతుంది, మళ్లీ పోస్తాం, మళ్లీ దంచుతాం. వేలెడు బోలు మిగిలితే కరిగిన ఉక్కు దాన్ని వెతుక్కుంటూ పోతుంది. బోలు వదిలినవాణ్ణి మీ నాన్న అందరి ముందూ తిట్టేవాడు. ఒకసారి నన్నే తిట్టాడు. ఆ చెయ్యి కావాలనే కదా నన్ను తీసుకెళ్లావు?

ల్యాబులో నువ్విచ్చిన పని కాగితం మీద ఇంగ్లీషులో ఏముందో నాకు తెలీదు. నేను నిన్ను నోటితో అడిగాను. "గీత దాకా పోసీమంతావా అమ్మాయ్?" అన్నాను. నువ్వు కంప్యూటరులోంచి తల ఎత్తకుండా "ఆఁ, గీత దాకా పోసేయండి బాబాయ్" అన్నావు. గీత దాకా పోశాను. ఒక్క వెంట్రుక పైకి పోలేదు. తట్టొద్దన్నావా? వదులుగా అన్నావా? ఉబ్బుతుందని నువ్వు మొదటిరోజు చెప్పింది బోర్డు మీద బొమ్మలు గీసి, పదిమంది కుర్రకారుకి. వెనక బెంచీలో కూర్చున్న నాకు అందులో ఒక్క ముక్క అర్థమైందో లేదో ఒక్కసారైనా అడిగావా? మినుములు నానబెట్టిన డబ్బాకి మూత బిగించకు బాబాయ్ అని ఒక్క మాటంటే చచ్చేదాకా మర్చిపోయేవాణ్ణి కాదు.

సరే, అదంతా పోనీ. ఇది చెప్పు. నేను పొడి తూచి, సిలిండరులోకి ఎంత పట్టిందో రిజిస్టరులో రాశాను. పద్నాలుగు వందల ముప్పై గ్రాములు. జూలై ఎనిమిది, మంగళవారం. ఆ అంకె పక్కన నువ్వు సంతకం పెట్టావు. దాచింది ఏమీ లేదు, నీ కళ్లముందే పెట్టాను. చూసి సంతకం పెట్టినదానివి నువ్వు, నిర్లక్ష్యం నాదా? నా చెవిలో పువ్వులేమైనా కనపడుతున్నాయా?

ఆ పేజీ కమిటీ ముందు పెట్టు. అప్పుడు మాట్లాడదాం.

గురునాథరావు.


ఎం.వి.పి. కాలనీ,
23 ఆగస్టు 2025.

గురునాథరావు గారికి,

రిజిస్టరులో మీరు చెప్పిన పేజీ లేదు. జూలై ఎనిమిదిన ఏ బరువూ రాసి లేదు. రిజిస్టరు ఇప్పుడు ఆఫీసు బీరువాలో, తాళంలో ఉంది. లేని కాగితాన్ని నేను కమిటీ ముందు పెట్టలేను.

ఇంకొక్క విషయం. మా నాన్న పేరు ఎత్తొద్దు. ఆయన పాడె మోసిన నలుగురిలో మీరొకరు. అది జీవితాంతం గుర్తుంచుకుంటాను. కానీ ప్రతి ఉత్తరంలోనూ ఆయన్ని లేపి నా ముందు సాక్షిగా నిలబెడుతుంటే సహించను.

మిమ్మల్ని తెచ్చుకున్నందుకు నేను పడ్డ మాటలు మీకు తెలియవు. "మేడమ్ వాళ్ల కాలనీ మనిషిని పెట్టుకుంది" అని వెనక అన్నారు, ముందూ అన్నారు. పదో తరగతి చదివిన మనిషికి ఈ పని ఎలా ఇస్తారని డైరెక్టరు అడిగితే, "ఆయన చేతికి కొలత తెలుసు సార్" అన్నాను. ఇప్పుడు ఆయన ఆ వాక్యం నాకే తిప్పి చెబుతున్నారు. ప్రాజెక్టు ఆపేశారు. పోర్టు వాళ్లు ఫోనెత్తడం లేదు. ఎనిమిదేళ్ల పని పోయింది. మీకు పోయింది కుళాయి దగ్గర పరువు ఒక్కటే.

మీరు అడిగారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. సిలిండరుని వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టే ఇనుప రింగు ఉంది కదా. ప్రమాదం తర్వాత దాన్ని చూశాను. లోపలి వైపు మెరుస్తోంది. ఎవరో ఆకురాయితో కొత్తగా రాసిన గీతలున్నాయి. ఆ పని ఎవరు చేశారు? ఎందుకు చేశారు? జవాబు రాయండి.

అనూరాధ.


పెందుర్తి,
5 సెప్టెంబరు 2025.

అనూరాధా,

పన్నెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. పట్టుకుంటే ఏం రాస్తానో అని భయమేసింది. ఇప్పుడు చల్లారాననుకుని కూర్చున్నాను, నీ ఉత్తరం ముందు పెట్టుకోగానే మళ్లీ ఒళ్లు మండుతోంది.

పేజీ లేదా? ఆ రిజిస్టరుకి పేజీ నంబర్లు వేసింది ఎవరనుకున్నావు? కొత్త పుస్తకం రాగానే ఒకటి నుంచి రెండు వందల దాకా ఎర్ర పెన్నుతో కూర్చుని వేశాను. ప్లాంటులో అలవాటు. అక్కడ ఒక కాగితం చిరిగితే షిఫ్టు మొత్తం జవాబు చెప్పాలి. నువ్వు చూసి, "ఇదేంటి బాబాయ్, స్కూలు పిల్లాడిలా" అని నవ్వావు. నలభై రెండు తర్వాత ఏ నంబరుందో కమిటీ పెద్ద దేవీప్రసాద్ గారిని చూడమంటాను. నలభై మూడూ నలభై నాలుగూ ఉంటే నా చెప్పుతో నేనే కొట్టుకుంటాను. లేకపోతే ఎవరు కొట్టుకోవాలో నువ్వే చెప్పు.

నేను చదువు లేనివాణ్ణే. కానీ రాసిన కాగితం చింపే చదువు నాకొద్దు.

నాకు పోయింది పరువొక్కటేనట. ఎంత తేలిగ్గా రాశావమ్మా! నీకు ప్రాజెక్టు పోతే ఇంకో ఊళ్లో ఇంకో ల్యాబు పిలుస్తుంది. అరవై దాటినవాడికి ఉండేదే అదొక్కటి. అది పోతే నాకింకేం మిగులుతుంది?

రింగు సంగతి అడిగావు. ఆ ల్యాబులో ఆకురాయి పట్టేవాళ్లు నేనొక్కణ్ణే కాదు. కమిటీ అడిగితే చెబుతాను, నీకు చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. ఆ పిల్ల ఆసుపత్రిలో ఉండగా వెళ్లాను. మూడుసార్లు వెళ్లాను. వరండా దాకా వెళ్లి, వాళ్లమ్మ నాగమణి బల్ల మీద కూర్చుని ఉండటం చూసి, వెనక్కి వచ్చేశాను. నువ్వు ఆ వరండా దాకా అయినా వెళ్లావా? ఎవరి వల్ల ఆ పిల్ల అక్కడుందో దాని మొహం చూసి చెప్పగలవా?

పంతొమ్మిదో తారీఖున కమిటీకి వస్తున్నాను. గేటు దగ్గర ఆపమను, రోడ్డు మీద కూర్చుంటాను.

గురునాథరావు.


ఎం.వి.పి. కాలనీ,
12 సెప్టెంబరు 2025.

బాబాయ్ గారికి,

మిమ్మల్ని మంచి చేసుకోవడానికి అలా పిలవలేదు. ఈ ఉత్తరం "గురునాథరావు గారికి" అని మొదలుపెడితే చెయ్యి ముందుకి కదల్లేదు, అంతే.

పేజీ ఉంది. నా బీరువాలో, నాన్న పాత ఐడీ కార్డు పెట్టిన కవరులో ఉంది. పదకొండున ధనశ్రీని అంబులెన్సులో ఎక్కించి వచ్చి, చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచి చింపాను. చింపుతుంటే మీ ఎర్ర అంకె కనపడింది. కనపడినా చింపాను. ఎందుకు చింపానని అడిగితే భయమేసింది అని తప్ప ఇంకో జవాబు లేదు. అంత చదువు చదివీ అప్పుడు నాకు తట్టింది అదొక్కటే.

పద్నాలుగు వందల ముప్పై. మీ గుండ్రటి చేతిరాతలో, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్దగా ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టాను. తర్వాతి సోమవారం పోర్టు వాళ్లు చూడటానికి వస్తున్నారు, ఆ హడావుడిలో మీరు ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టేదాన్ని. దీనికన్నా సిగ్గుచేటైన మాట ఇంకొకటుంది. బుధవారం గ్యాసు ఎక్కించి చూస్తే, సిలిండరు అనుకున్నదానికన్నా నలభై శాతం ఎక్కువ హైడ్రోజన్ పట్టింది. ఎందుకు ఎక్కువ పట్టిందని అడగాల్సిన మనిషిని నేను. అడగలేదు. సంతోషపడ్డాను. ఇంటికొచ్చి పాయసం చేసుకున్నాను బాబాయ్.

మీరు తట్టారని నాకు కోపం ఉంది. ఇప్పటికీ ఉంది. వెయ్యి అని పని కాగితం మీద ఉంటే నాలుగు వందలు ఎక్కువ పట్టినప్పుడు, ఒక్కసారి వచ్చి "ఏటమ్మాయ్ ఇలాగుంది" అని అడగొచ్చు కదా? మీరు ఎవరినీ అడగరు. అడిగితే చిన్నతనం. నాన్న కూడా అంతే. మీ ఇద్దరి దగ్గరే నేనూ ఆ గుణం నేర్చుకున్నాను.

నాతో కూడా చెప్పించుకోండి, ధనశ్రీని చూడటానికి నేను వరండా దాకా కూడా వెళ్లలేదు. లాయరు వద్దన్నాడు. ఆయన వద్దనడం నాకు హాయిగా కూడా ఉంది.

రిపోర్టు తిరగరాశాను. నిర్లక్ష్యం అనే మాటని మీ పేరు పక్క నుంచి తీసి నా పేరు పక్కన పెట్టాను. ఆ పేజీ, మీరు రాసిన ఉత్తరాలు, నా ఉత్తరాల నకళ్లు అన్నీ దేవీప్రసాద్ గారికి ఇచ్చేస్తున్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వాళ్లిష్టం. ఇంతకు మించి నేను దాచింది ఏమీ లేదు.

కానీ ఆ రింగు సంగతి మీరు తప్పించుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారు. నా వంతు నేను చెప్పాను. ఇక మీ ఇష్టం.

అనూరాధ.


పెందుర్తి,
16 సెప్టెంబరు 2025.

అమ్మాయ్ అనూరాధా,

నీ ఉత్తరం చిలకమ్మకి చదివి వినిపించాను. పాయసం దగ్గరికి వచ్చేసరికి, "ఆపీ, ఇంక సదవకు" అని వంటింట్లోకి పోయింది.

రింగు నేనే రాశాను. గురువారం, అంటే సిలిండరు పగలడానికి ముందురోజు. పొద్దున్నే సిలిండరు తీసి రింగులో దింపబోతే దిగలేదు. మంగళవారం దిగింది, గురువారం దిగలేదు. అడుగున చెయ్యి పెట్టి చూస్తే కొంచెం లావైనట్టు తెలిసింది. ప్లాంటులో ఇటుక కూర్చోకపోతే ఏం చేస్తాం? అంచు రాసి కూర్చోబెడతాం. అంతే తెలుసు నాకు. ఆకురాయి తీసి, రింగు లోపల గీకి, సిలిండరు దింపేశాను. దిగగానే పని బాగా చేశానని అనుకున్నాను కూడా. ఇనుము లావవుతుందా, ఎందుకవుతుంది అని ఒక్క క్షణం ఆగి ఉంటే ఆ పిల్ల రెండు వేళ్లు ఉండేవి.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు "ఎందుకు రాశారు బాబాయ్" అంటావు, పక్కన కుర్రకారు నవ్వుతారు. నీ నవ్వు పడతాను గానీ వాళ్ల నవ్వు పడలేను. నీ ఉత్తరంలో అడిగినప్పుడు కూడా అబద్ధం రాశాను. ఆ ల్యాబులో ఆకురాయి పట్టేది నేనొక్కణ్ణే.

దేవీప్రసాద్ గారికి ఇదంతా రాసి, దీని నకలు కూడా ఇస్తాను. పంతొమ్మిదిన వస్తాను, రోడ్డు మీద కాదు, లోపలికే వస్తాను, నేనే చేశానని చెప్పడానికి. నీ పేరు పక్క నుంచి ఆ మాట సగం తీసి నా పేరు పక్కన మళ్లీ పెట్టు. మొత్తం నువ్వు మోస్తే నాకు నచ్చదు. మోసే మొహం కాదు నీది.

రాజీ పడ్డాననుకోకు. పేజీ చింపినందుకు నీ మీద నాకు కోపం పోలేదు, పోదు కూడా. ఎదురుపడితే తిడతాను. మీ నాన్న ఉంటే ఇద్దర్నీ కలిపి తిట్టి ఉండేవాడు. వద్దన్నావు గానీ ఈ ఒక్కసారికి ఎత్తాను.

కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఇంకేం మిగల్లేదు.

మీ బాబాయ్,
గురునాథరావు.


జాలరిపేట,
12 అక్టోబరు 2025.

అనూరాధ మేడమ్‌కీ, గురునాథరావు బాబాయ్‌కీ,

ఇద్దరికీ ఒకే ఉత్తరం, ఒక్కొక్క నకలు. ఎడమ చేత్తో రాయడం ఇంకా అలవాటు కాలేదు. రెండు రోజులు పట్టింది, రెండు వేర్వేరు ఉత్తరాలు రాసే ఓపిక నాకు లేదు.

కమిటీ వాళ్లు మీ ఏడు ఉత్తరాలూ నాకు పంపారు. దెబ్బ తిన్నది నేను కాబట్టి చదివే హక్కు ఉందట. మా అమ్మ పైకి చదవమంది. చేపల బుట్ట గుమ్మంలో దింపి, చివరి ఉత్తరం దాకా కదలకుండా కూర్చుంది. అయ్యాక, "ఆలిద్దరూ ఒకల్నొకలు తిట్టుకున్నారు, ఏడిసీసినారు, మంచోలైపోనారు. నీకెలాగుందో ఒక్కలూ అడగనేదేటే?" అంది. చెయ్యి ఎలా ఉందో మీకు రాయను. అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకుంటాను.

కమిటీలో ఒకాయన ఫోన్ చేసి, "ఇద్దరూ ఎంత నిజాయితీగా ఒప్పుకున్నారో చూశావా అమ్మా" అన్నారు. చూశాను. మేడమ్ "ఇంతకు మించి నేను దాచింది ఏమీ లేదు" అని రాశారు. బాబాయ్ "ఇంకేం మిగల్లేదు" అని రాశారు. ఆ రెండు వాక్యాలూ నాలుగైదు సార్లు చదివాను.

జూలై పది, గురువారం. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. సిలిండరు అడుగున వెర్నియర్ పెట్టి కొలిచాను. మూడు మిల్లీమీటర్లు ఉబ్బింది. బాబాయ్ క్యారేజీ విప్పుతుంటే దగ్గరికి వెళ్లి, "బాబాయ్, సిలిండరు ఉబ్బింది, తీసేద్దాం" అన్నాను. మీరు అన్నం కలుపుతూనే, "ఇనుమంటే ఏటో నాకు నువ్వు సెప్పాలేటి? నువ్వు పుట్టకముందు నుంచీ దాంతోనే బతుకుతున్నాను. పోయి నీ కంప్యూటరు సూసుకో" అన్నారు. అప్పటికే రింగు రాసేశారని ఇప్పుడు మీ ఉత్తరం చదివాకే తెలిసింది.

అదే రోజు సాయంత్రం అయిదున్నర. మేడమ్ కారు ఎక్కబోతుంటే పార్కింగులోకి పరిగెత్తుకుంటూ వచ్చాను. మూడు మిల్లీమీటర్లు అని అంకెతో సహా చెప్పాను, రాసుకున్న కాగితం కూడా చూపించాను. మీరు కాగితం చూశారు. చూసి, "సోమవారం పోర్టు వాళ్లు వచ్చి వెళ్లిపోనీ ధనశ్రీ. అప్పటిదాకా ఈ మాట ఎవరితోనూ అనకు" అన్నారు. నా భుజం తట్టి కారెక్కారు.

మర్నాడు పొద్దున్న ఆ సిలిండరు వాల్వు తిప్పమని మేడమ్ నాకే చెప్పారు. మీ ఇద్దరూ పెద్దవాళ్లు, నాకన్నా తెలిసినవాళ్లు కదా అని తిప్పాను.

పొడి ఎంత పోశారో, సంతకం ఎవరు పెట్టారో, రింగు ఎవరు రాశారో, పేజీ ఎవరు చింపారో, అన్నీ ఒకరి చేత ఒకరు చెప్పించుకున్నారు. తెలియక చేసినవీ, భయపడి చేసినవీ ఒప్పుకున్నారు. నేను వచ్చి చెప్పిన తర్వాత చేసింది మాత్రం ఇద్దరూ ఒక్కలాగే వదిలేశారు. ఒకరితో ఒకరు అనుకుని వదిలేశారని నేననుకోను. ఎవరికి వాళ్లే వదిలేశారు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. చెయ్యి కాలినప్పుడు కూడా నేను ఇంతలా ఏడవలేదు.

మీ ఇద్దరూ అన్న మాటలు, అన్న టైముతో సహా, ఈ చేత్తోనే రాసి నిన్న కమిటీకి ఇచ్చాను. నకలు దీంతో పెట్టాను. వచ్చే నెల ఒకటిన మళ్లీ ల్యాబులో చేరుతున్నాను. నా పరిశోధన ఇంకా రెండేళ్లుంది, వదలను.

చూడటానికి మా ఇంటికి రాకండి. అమ్మ ఊరుకోదు. క్షమించమని జవాబు కూడా రాయకండి. నేను మీ జవాబు కోసం వచ్చింది జూలై పదిన.

ధనశ్రీ.